కరెంటు తీసిన నీళ్ళలో సారం మిగులుతుందా? (పొల్లూరు జలవిద్యుత్కేంద్రం చూసి వచ్చాక ఒక సందేహం)

ప్రశ్న: కోనసీమ సైన్సు మాస్టారు

సభ్యులకు నమస్కారం. నేను కోనసీమలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. డిసెంబరులో పదో తరగతి పిల్లలు ముప్పై మందిని వెంటబెట్టుకుని, ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, మోతుగూడెం దగ్గర పొల్లూరులో ఉన్న దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రాన్ని చూసి వచ్చాను. వచ్చినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అది నిజానికి నాది కాదు, మా నాన్నగారిది.

నాన్నగారికి ఎనభై దాటాయి. కాలువ శివారున నాలుగెకరాలు, సార్వా (వానాకాలపు వరి), దాళ్వా (ఎండకాలపు కాలువ నీటి వరి) రెండు పంటలూ యాభై ఏళ్ళకు పైగా ఆయన చేతి మీదుగానే సాగాయి. మేము బస్సు ఎక్కబోయే ముందు నన్ను పిలిచి, "ఆ మిషన్ల దగ్గర పెద్ద ఇంజనీరు ఎవరైనా కనబడితే ఒక మాట అడుగు. కరెంటు పిండేసుకున్న నీళ్ళను మా చేలకు వదులుతున్నారు కదా, అందులో ఇంకేం సారం మిగులుతుందని" అన్నారు. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు, చిన్నప్పటి నుంచి మా వీధి అరుగుల మీద వింటున్నదే. చదువుకున్నవాళ్ళం నవ్వి ఊరుకుంటాము. నేనూ నవ్వే బస్సెక్కాను.

కేంద్రంలో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. 1970ల రెండో సగంలో ఒకదాని వెనుక ఒకటిగా తిరగడం మొదలుపెట్టినవి. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసిన పిల్లలు నీళ్ళు పడుతుంటే తిరిగే చక్రం కనబడుతుందని ఆశపడ్డారు. కనబడినవి రంగు వేసిన ఇనుప తొడుగులు, వాటి మధ్య నిలువుగా తిరుగుతున్న ఇరుసు, నూనె వాసన, మాట వినబడనివ్వని హోరు. మమ్మల్ని తిప్పి చూపించిన ఉద్యోగి జేబులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీసి, నడుస్తున్న యంత్రం పైకప్పు మీద అంచు ఆనించి నిలువుగా నిలబెట్టారు. చెప్పుల్లోంచి అరికాళ్ళకు సన్నటి వణుకు తెలుస్తూనే ఉంది, బిళ్ళ మాత్రం పడలేదు. ఇరుసు అంత సరిగా తూగుతున్నదని దాని అర్థమట. పిల్లలు ముప్పై మందీ ఆ బిళ్ళ వైపే చూశారు. నేను వారం రోజులు చెప్పిన పాఠాన్ని ఇంత శ్రద్ధగా వినలేదు.

ఆ తరువాత కంట్రోల్ రూములో గోడ మీద ఒక అంకె చూపించారు. 49.98 ఉంటుంది, 50.01 అవుతుంది, మళ్ళీ 49.97కు జారుతుంది. అది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే దేశమంతటినీ కలిపే తీగల వలలో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతున్నదో చెప్పే అంకె. ఎక్కడో ఎవరో మోటార్లు వేస్తే ఆ అంకె కాస్త కిందికి దిగుతుందని, దాన్ని మళ్ళీ 50కి తేవడానికి టర్బైనుకు నీటినిచ్చే రెక్కలు కొంచెం తెరుచుకుంటాయని ఆయన వివరించారు. చివరికి యంత్రాల్లోంచి నీరు బయటపడే కాలువను కటకటాల ఇవతలి నుంచి చూశాము. నురగ తీస్తూ, ఆకుపచ్చగా, అంచుల్లో అడుగు రాళ్ళు కనబడేటంత తేటగా పోతోంది. ఒక అమ్మాయి అడిగింది: "మన బోదెలోకి వచ్చేవి ఈ నీళ్ళేనా మాస్టారూ? మరి మనవి ఇలా ఉండవు కదా?" నేను ఏదో చెప్పి దాటవేశాను.

కాబట్టి పెద్దలను అడిగేది ఇది. యంత్రం నీటి నుంచి ఏం తీసుకుంటుంది, ఏం తీసుకోదు? దాళ్వాకు సీలేరు నీళ్ళు వస్తేనే గట్టెక్కుతామని మా వైపు ఏటా వింటాము కదా, ఆ నీటికీ కరెంటుకూ ఉన్న లంకె ఏమిటి? పునరుత్పాదక శక్తి అనే పాఠంలో జలవిద్యుత్తును మొదటి వరుసలో పెట్టి చెబుతున్నాను, అది సరైనదేనా? పిల్లలకూ నాన్నగారికీ ఒకే సమాధానం చెప్పగలిగితే నాకు తృప్తిగా ఉంటుంది.

జవాబు: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, రాజమహేంద్రవరం

మాస్టారూ, ఆ ఐదు రూపాయల బిళ్ళ నాకు బాగా తెలుసు. నా ఉద్యోగపు తొలి రోజుల్లో అది పావలా బిళ్ళ.

ముందు నాన్నగారి మాటకు సమాధానం. యంత్రం నీటి నుంచి తీసుకునేది దాని ఎత్తును మాత్రమే. కొండ మీది నీరు ఎలాగూ కిందికి దిగవలసిందే. మనం అడ్డుపడకపోతే రాళ్ళ మీద దొర్లుతూ, హోరెత్తుతూ, ఆ శక్తినంతా కాస్తంత వేడిగా మార్చుకుంటుంది. లెక్క వేస్తే వంద మీటర్లు దిగిన నీరు ఆ వేడి వల్ల డిగ్రీలో పావు వంతు కూడా వేడెక్కదు. టర్బైను గుండా దిగిన నీరు ఆ పావు డిగ్రీ చల్లగా ఉంటుంది, తేడా అంతే. నీటిలో కరిగిన లవణం కానీ, పంటకు పనికివచ్చే మరో పదార్థం కానీ యంత్రంలో ఆగిపోదు. వరి దుబ్బుకు ఆ పావు డిగ్రీ తేడా తెలియదు, తెలిసినా పట్టించుకోదు.

పిల్లలకు ఇంకొక లెక్క చెప్పండి. వంద మీటర్ల ఎత్తు నుంచి సుమారు నాలుగు వేల లీటర్ల నీరు దిగితే ఒక యూనిట్ కరెంటు పుడుతుంది. అదే రెండు మీటర్ల ఎత్తయితే ఒక్క యూనిట్ కోసం రెండు లక్షల లీటర్లు దిగాలి. మన డెల్టాకు ఇంత నీరు ఉండి కూడా చెప్పుకోదగ్గ జలవిద్యుత్కేంద్రం ఎందుకు లేదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల అరచేతిలా పరుచుకుని ఉంటుంది. కాటన్ దొర ఆనకట్ట కట్టినప్పుడు ఆ పల్లమే వరం, నాకు మాత్రం వృత్తిరీత్యా అదే లోపం. కాలువల మీద లాకుల దగ్గర ఉండే ఆ కొద్దిపాటి దిగుడును వాడుకుంటూ నిడదవోలు వైపు చెట్టిపేటలో ఒక మినీ హైడల్ కేంద్రం ఉంది. దాని సామర్థ్యం మొత్తం ఒక మెగావాట్. పొల్లూరులో ఒక్క యంత్రానికి సమానం కావాలంటే అటువంటివి 115 కట్టాలి.

ఇక లంకె సంగతి. సీలేరు నదికి పైన మాచ్‌ఖండ్ అని పేరు. అక్కడి కేంద్రం 1955లో మొదలైంది, ఒడిశాకూ మనకూ ఉమ్మడి. అక్కడ ఒకసారి కరెంటు ఇచ్చిన నీరు బలిమెల జలాశయానికి చేరి, అక్కడ రెండు రాష్ట్రాలకూ పంపకమై, మన వాటా దిగువకు వస్తుంది. ఎగువ సీలేరులో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు దాన్ని రెండోసారి వాడుకుంటాయి. డొంకరాయి దగ్గర కాలువ మీది 25 మెగావాట్ల యంత్రం మూడోసారి, మీరు చూసిన పొల్లూరు నాలుగోసారి. ఆ తరువాత సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, పాపికొండలు దాటి ధవళేశ్వరం బ్యారేజీ చేరుతుంది. ఇన్నిసార్లు పని చేసిన నీరు మళ్ళీ మీ నాన్నగారి చేలో చిరుపొట్ట దశలో ఉన్న వరికి దాహం తీరుస్తున్నది. సారం పోయిన నీరు చేసే పనులు కావు ఇవి.

అయితే అసలు పేచీ సారం దగ్గర లేదు, వేళ దగ్గర ఉంది. జనవరి దాటాక గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తూర్పు, మధ్య, పశ్చిమ గోదావరి డెల్టాలు మూడింటి దాళ్వా నిలబడేది చాలావరకు సీలేరు నుంచి దిగే నీటి మీదే. కరెంటుకు గిరాకీ తారస్థాయికి చేరేది మాత్రం ఎండలు ముదిరాక, అందులోనూ సాయంత్రం వేళ. జలాశయంలో ఉన్నది ఒక్కటే నిల్వ. ఫిబ్రవరిలో చేనికి వదిలితే మే నెల సాయంత్రానికి ఉండదు. మే నెల కోసం దాచితే శివారు చేలు నెర్రెలు విచ్చుతాయి. సేద్యం వారు ఇన్ని వేల క్యూసెక్కులు కావాలని రాస్తారు, కరెంటు వారు ఆ నీటితోనే యంత్రాలు తిప్పుతారు. యంత్రాల గుండా వచ్చేది సరిపోని ఏళ్ళలో డొంకరాయి నుంచి నేరుగా నదిలోకి వదిలిన సందర్భాలూ ఉన్నాయి. అలా వదిలిన ప్రతి చుక్కా కరెంటు లెక్కలో నష్టమే, పంట లెక్కలో లాభం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ తగవు ఏదో ఒక రూపంలో రాని ఏడు నాకు గుర్తులేదు.

పొల్లూరులోనే మరో 115 మెగావాట్ల యూనిట్లు రెండు చేర్చే పని చేపట్టారు. యంత్రాలు పెరిగితే నీళ్ళు పెరుగుతాయని పొరబడేవారున్నారు, పెరగవు. ఉన్న నీటినే తక్కువ గంటల్లో ఎక్కువ జోరుగా వాడుకుని, అవసరమైన వేళ ఎక్కువ కరెంటు తీయగలుగుతాము. జలవిద్యుత్తు విలువ అక్కడే ఉంది. బొగ్గు కేంద్రం చల్లబడితే తిరిగి లేవడానికి గంటలు పడుతుంది, జలవిద్యుత్ యూనిట్ నిమిషాల్లో లేస్తుంది. 2020 ఏప్రిల్ 5న రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించిన తొమ్మిది నిమిషాలు గుర్తున్నాయా? ఆ కాసేపట్లో దేశంలో విద్యుత్ గిరాకీ 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయి, మళ్ళీ లేచింది. గ్రిడ్ కూలకుండా కాపాడిన భారంలో పెద్ద వాటా జలవిద్యుత్ యంత్రాలదే. జనం అరుగుల మీద దీపాలు పెడుతున్న ఆ సమయంలో, మీ పిల్లలు చూసిన అంకెనే చూస్తూ ఎందరో ఆపరేటర్లు ఊపిరి బిగపట్టి కూర్చున్నారు.

పాఠంలో మొదటి వరుసలో పెట్టవచ్చా అన్నారు. మన దేశంలో చాలాకాలం 25 మెగావాట్లకు లోబడిన కేంద్రాలనే పునరుత్పాదక ఖాతాలో వేసేవారు. 2019 మార్చిలో పెద్ద వాటినీ చేర్చారు. అంటే అదే నది మీద డొంకరాయి మొదటి నుంచీ అర్హత ఉన్న పరిమాణంలో ఉంటే, దాని కింద ఉన్న పొల్లూరు 2019 దాకా బయట నిలబడింది. నీటికి ఈ తేడా ఏమిటో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

జవాబు: రొయ్యల చెరువు రైతు, ఉండి వైపు

ఇంజనీరుగారు వేళ గురించి చెప్పిన మాటకు నా అనుభవం ఒకటి జతచేస్తాను. మాకు కరెంటు విలువ తెల్లవారుజామున మూడింటికి తెలుస్తుంది. పగలు ఎండలో చెరువులోని నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. తెల్లవారకముందు నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెనామీ రొయ్య తేలిపోతుంది.

మూడేళ్ళ కిందట ఒక రాత్రి కరెంటు పోయింది. డీజిలు జనరేటరు ఉంది, బ్యాటరీ దిగిపోయి స్టార్టు కాలేదు. ముందు రోజు సరిచూసుకోకపోవడం నా తప్పే. పక్క చెరువు వారి బ్యాటరీ మోసుకొచ్చి తగిలించేసరికి గంటకు పైగా గడిచింది. టార్చిలైటు వేసి చూస్తే గట్టు పొడుగునా రొయ్యలు నీటి అంచుకు చేరి మీసాలు పైకెత్తి ఉన్నాయి. వారం పదిరోజుల్లో పట్టుబడికి రావలసిన పంట అది.

అప్పటి నుంచి షెడ్డు మీద సోలారు పలకలు వేయించాను, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, పగటి మోటార్ల బిల్లు తగ్గింది. కానీ నా చెరువుకు ప్రాణం మీదికి వచ్చే వేళ సూర్యుడు ఉండడు. అందుకే సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ జలవిద్యుత్తు అవసరం తగ్గుతుందని ఎవరైనా అంటే నాకు నమ్మకం కలగదు, పెరుగుతుందనే అనిపిస్తుంది. రెండు హెచ్‌పీ ఏరియేటరు గంటసేపు తిరగడానికి సుమారు యూనిటున్నర కావాలి. ఇంజనీరుగారి లెక్క ప్రకారం అది వంద మీటర్ల ఎత్తు నుంచి ఆరు వేల లీటర్లు దిగడం. నా దగ్గర ఏరియేటర్లు పన్నెండు. రాత్రంతా ఎక్కడో కొండల్లో ఎంత నీరు దిగుతున్నదో ఇవాళే లెక్క కట్టి చూశాను, కాస్త భయం వేసింది.

ఒక సందేహం. పగటి సౌరవిద్యుత్తుతో నీటిని మళ్ళీ పైకి తోడి రాత్రి దింపుకునే పద్ధతి ఒకటి ఉందంటారు. సీలేరులో అది సాధ్యమేనా?

జవాబు: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు

సాధ్యమే. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో అటూ ఇటూ తిరిగే యంత్రాలు ఉన్నాయి. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్లకు అటువంటిదే ప్రతిపాదన ఉంది. అయితే నాలుగు యూనిట్ల కరెంటుతో నీటిని పైకి తోడితే తిరిగి వచ్చేది మూడు యూనిట్ల పైచిలుకు మాత్రమే. మిగిలినది నీటిని మోసిన కూలి అనుకోండి. రాత్రి మూడింటికి మీకు ఆ కూలి ఎక్కువనిపించదు.

జవాబు: శబరి ఒడ్డువాడు

నేను చింతూరు ప్రాంతంలో పుట్టాను, ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఉద్యోగం. ఇక్కడ అందరూ నీరు దిగాక జరిగే సంగతులు చెప్పారు. దిగకముందు సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మా గూడెం మీదుగా పెద్ద లైన్లు పోతాయి. వర్షం వచ్చే ముందు తీగలు చిటచిటలాడే చప్పుడు మంచం మీద పడుకుంటే వినబడేది. ఆ చప్పుడు వింటూ నేను కిరసనాయిలు బుడ్డి ముందు పదో తరగతి చదివాను. మా ఇంటికి కరెంటు నేను కాలేజీలో చేరిన తరువాత వచ్చింది. ఇందుకు ఎవరినీ పేరు పెట్టి నిందించను. ఎన్నో అర్జీలు ఎన్నో బల్లల మీద తిరిగాయి. కానీ మాస్టారు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, జలవిద్యుత్తుకు పొగ లేదని చెప్పి అక్కడే ఆపవద్దని కోరుతున్నాను. బలిమెల జలాశయం నిండాక ఒడిశా వైపు చిత్రకొండ దగ్గర 151 పల్లెలు మూడు వైపులా నీరు, ఒక వైపు అడవి మధ్య చిక్కుకుపోయాయి. బజారుకు, ఆసుపత్రికి పడవే దిక్కు. వాటిని బయటి లోకంతో కలిపిన గురుప్రియ వంతెన 2018లో రాకపోకలకు తెరుచుకుంది. మధ్యలో ఎన్ని దశాబ్దాలు గడిచాయో పిల్లలనే లెక్కపెట్టమనండి. ఆ వంతెన లేని రోజుల్లో ఆ జలాశయపు నీరు మాత్రం ఒక్కరోజు ఆగకుండా కిందికి దిగుతూనే ఉంది.

ఇప్పుడు పోలవరం. 80 మెగావాట్ల యూనిట్లు పన్నెండు, మొత్తం 960 మెగావాట్లు, ఎడమగట్టు వైపు కొండ తొలిచి కడుతున్నారు. నిండు మట్టం 150 అడుగులు. సీలేరు నీరు గోదావరిలో కలిసే కూనవరం ఆ జలాశయపు ముంపులోనే ఉంది. డెల్టాకు దాని అవసరం నాకు తెలుసు, నేను తినే బియ్యం కూడా ఆ కాలువలవే. అయినా కొండరెడ్లు, కోయలు ఖాళీ చేసి వెళ్ళిన ఊరిలో చింతచెట్టు కింద ఊరి దేవతగా కొలిచే గామం రాయి ఒంటరిగా ఉండడం నేను చూశాను. పునరుత్పాదకం అంటే మళ్ళీ మళ్ళీ పుట్టేది అని అర్థం చెబుతారు కదా. నీరు పుడుతుంది. ఆ ఊరు పుట్టదు.

జవాబు: వ్యవసాయ శాఖలో పనిచేసినవాడిని, తణుకు

మాస్టారూ, నాన్నగారి మాటను అంత తేలికగా కొట్టివేయకండి. ఇంజనీరుగారు యంత్రం వరకు చెప్పింది అక్షరాలా నిజం. కానీ రైతు యంత్రాన్ని చూడలేదు, నీటిని చూశాడు. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది: అక్కడ అంత తేటగా ఎందుకున్నది?

జూలైలో గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు కాలువ గట్టున నిలబడి దోసిట్లో తీసుకుని చూడండి. ఎర్రగా, చిక్కగా ఉంటుంది. ఒక గాజు గ్లాసులో పోసి తెల్లవారేదాకా కదపకుండా ఉంచితే అడుగున మెత్తటి పూత పేరుతుంది. అదే ఒండ్రు. లంక రైతులను అడగండి, వరద ముంచిపోయిన ఏడు ఏడుస్తారు, మరుసటి ఏడు ఆ ఒండ్రు మీద వేసిన కూరపాదులను చూపించి నవ్వుతారు. అసలు ఈ డెల్టా అంతా ఒండ్రే కదా. మన కాళ్ళ కింద ఉన్నది ఎన్నో వేల ఏళ్ళుగా దక్కను పీఠభూమి నుంచి, తూర్పు కనుమల నుంచి నది మోసుకొచ్చి పోసిన మట్టి.

జలాశయంలో నీరు నిలబడితే ఆ మట్టి అడుగుకు దిగిపోతుంది. మాచ్‌ఖండ్, బలిమెల, డొంకరాయి, ఇన్ని చోట్ల ఆగి ఆగి వచ్చిన నీరు గనుకనే పొల్లూరులో అడుగు రాళ్ళు కనబడ్డాయి. అంటే సారం తీసింది టర్బైను కాదు, దాని పైనున్న కట్ట. గోదావరి మీద ఎగువన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు వచ్చాక సముద్రాన్ని చేరే ఒండ్రు బాగా తగ్గిందని, డెల్టా అంచు చాలాచోట్ల పెరగడం మాని వెనక్కి తగ్గుతున్నదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అంతర్వేది వైపు తీరం ఎలా కోసుకుపోతున్నదో ఆ వైపు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇందులో సీలేరు వాటా చిన్నదే కావచ్చు. పైగా దాళ్వా రోజుల్లో నదిలో ఎలాగూ తేటనీరే పారుతుంది కాబట్టి, ఫిబ్రవరిలో వదిలిన సీలేరు నీటి వల్ల నాన్నగారి చేను కొత్తగా నష్టపోయింది లేదు. ఆయన అనుమానం నిజమయ్యేది ఆ ఒక్క పంటలో కాదు, ఒక తరం మొత్తం మీద.

మా చిన్నతనంలో ఒండ్రు మేటకు రైతులు పెట్టే విలువ వేరు. 1986 ఆగస్టు వరద తరువాత మా మేనమామగారి చేలో ఇసుక మేట పడింది; పక్క చేలో ఒండ్రు పడింది. రెండు చేలకూ మధ్య ఒక్క గట్టే. ఆయన చనిపోయేదాకా ఆ పక్క చేను వైపు చూసి నిట్టూర్చేవారు. ఒండ్రు పోతే దాని బదులు ఎరువుల బస్తా వచ్చింది. అందుకే నేను పాఠం చెప్పవలసివస్తే, "నీటిలోంచి కరెంటు తీస్తే సారం పోదు, నీటిని ఆపితే పోతుంది" అని రెండు వాక్యాలుగా విడగొట్టి చెబుతాను. జలాశయాల అడుగున కుళ్ళే ఆకూ అలమూ మీథేన్ వాయువును విడుదల చేస్తాయన్నది మూడో మాట. ఉష్ణమండలంలోని జలాశయాలకు అది ఎక్కువగా వర్తిస్తుంది. పదో తరగతికి అది కూడా చెప్పవచ్చు.

జవాబు: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు

తణుకువారి మాటకు ఎదురు చెప్పను. ఒండ్రు గేట్ల గుండా దిగువకు పోయేలా వరద రోజుల్లో అడుగు తూములు తెరిచే పద్ధతులు ఉన్నాయి. పాత డ్యాములన్నిటికీ అటువంటి తూములు పెట్టలేదు, పెట్టినచోట అన్నిసార్లూ తెరవలేదు. ఒండ్రు మాకు శత్రువు అనే మేము చదువుకున్నాము, టర్బైను రెక్కలను అరగదీస్తుంది కాబట్టి. మీరు దాన్ని సారం అంటున్నారు, మేము అరుగుదల అంటాము, ఒక్కటే పదార్థం.

శబరి ఒడ్డువారికి మాత్రం నా దగ్గర లెక్క ఏదీ లేదు. వారు రాసింది రెండుసార్లు చదివాను.

జవాబు: కోనసీమ సైన్సు మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి నాన్నగారికి ఇదంతా నెమ్మదిగా చదివి వినిపించాను. పావు డిగ్రీ సంగతి దగ్గర ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. గాజు గ్లాసు అడుగున పూత దగ్గర తల ఊపి, "అదే నేనన్నది" అన్నారు. చింతచెట్టు కింద రాయి దగ్గరకు వచ్చేసరికి చదవడం ఆపమని చెయ్యి చూపించారు, కాసేపటికి మళ్ళీ చదవమన్నారు.

గ్లాసు ప్రయోగం జూలైలో పిల్లలతో చేయిస్తాను. శబరి ఒడ్డువారు అంగీకరిస్తే ఒక రోజు మా పాఠశాలకు వచ్చి పిల్లలతో మాట్లాడమని వేడుకోలు, ప్రయాణ ఖర్చులు మావి.

అంతా అయ్యాక నాన్నగారు కండువా దులుపుకుంటూ లేచి, "ఇంతమంది ఇన్ని చెప్పారు, బాగానే ఉంది. ఈ ఏడు ఫిబ్రవరి మూడో వారానికి శివారుకు నీళ్ళు వదులుతారా లేదా అన్నది ఒక్కరూ చెప్పలేదేమిరా? నారు ముదిరిపోతోంది" అన్నారు. ఇంజనీరుగారికి ఆ సంగతి ఏమైనా తెలిస్తే దయచేసి ఇక్కడ రాయగలరు.